పాట పేరుతో వచ్చింది

"ఇది పాట కాదండీ, పాట పేరు పెట్టుకున్న ప్రోగ్రామ్," అంది కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి. "చివర్న ఈఎక్స్‌ఈ అని ఉంది చూడండి. పాటకి అలా ఉండదు. ఇది తెరవడంతోనే మీ ఫైళ్లన్నీ పాడయ్యాయి. ఎవరు డౌన్‌లోడ్ చేశారు?"

టైలరమ్మ మొహం పాలిపోయింది. ఆరు నెలలుగా తను గీసుకున్న డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. మూడు రోజులుగా ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

"నేనే అయ్యుంటానమ్మా. ఏది నొక్కకూడదో నాకేం తెలుసు? యాభై అయిదేళ్లకి కంప్యూటర్ నేర్చుకుంటానని బయల్దేరాను, బుద్ధి లేక. ఇంక దీన్ని ముట్టుకోను. పట్టుకుపో."

పక్కనే నిలబడ్డ ఆమె భర్త, రిటైరైన బస్సు డ్రైవరు, ముందు హమ్మయ్య అనుకున్నాడు. ఊరుకుంటే తన సంగతి బయటపడదు. కానీ ఆవిడ వైర్లు ఒక్కొక్కటే పీకి చుట్టడం మొదలుపెట్టేసరికి ఉండబట్టలేకపోయాడు.

"నువ్వు కాదు, నేను. నువ్వు బజారుకెళ్లినప్పుడు ఓ పాత పాట కోసం వెతికాను. వినాలంటే ఇది తెరవమంది, తెరిచాను. పాట రాలేదు. భయమేసి నోరు మూసుకున్నాను."

ఆవిడ తిట్టలేదు. "మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటుంటే, చూస్తూ కూర్చున్నారా?" అని మాత్రం అడిగింది.



ఆవిడ వైర్లు మళ్లీ తగిలించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏది పాటో, ఏది కాదో ఎలా గుర్తుపట్టాలో నేర్పమ్మా," అంది. ఆయన వంక చూడకుండానే, పక్కనున్న స్టూలు ఆయన వైపు జరిపింది.