ఫోటో కింది మాట

"ఆ మాట తియ్యకు, బిడ్డా," అంటూ ముత్తక్క జ్యోత్స్న చెయ్యి పట్టుకుంది.

ఇంకాసేపట్లో హాలు తలుపులు తెరవాలి. భద్రాచలం చుట్టుపక్కల అడవి ఊళ్ల మనుషుల ఫోటోల ప్రదర్శన అది. ఏ ముఖం ఏ గోడకుండాలో, దాని కింద ఏం రాయాలో చూసుకునేది జ్యోత్స్నే. నడిమి గోడకున్న పెద్ద ఫోటో ముత్తక్కది. బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పసిపాపను కొంగుతో కప్పుకుని, బయటికి చూస్తోంది. ఫోటో తీసిన భాస్కర్ దాని కింద 'అడవితల్లి ఒడిలో నిద్ర' అని అట్టముక్క పెట్టించాడు. పేరు లేదు, ఊరు లేదు.

జ్యోత్స్నకు అది మొదట్నుంచీ మింగుడు పడలేదు. ఊరూరా అడిగించి మరీ ముత్తక్కను పిలిపించింది. పేరు, ఊరు మాత్రమే రాయించిన కొత్త అట్ట చూపించింది. చూసేవాళ్లకు మనం కథలు అల్లి చెప్పొద్దని, మనిషిని మనిషిగా చూపిస్తే చాలని నచ్చజెప్పింది. ముత్తక్క అన్నీ విన్నది. పేరు పెట్టినా సరే, పెట్టకున్నా సరే అంది. నిద్ర అన్న మాట మాత్రం ఉండాలంది. వచ్చినోళ్లంతా అట్లనే అనుకోవాలంది.

"పాప నిద్రపోతున్నట్టు కనబడుతనే ఉంది గదమ్మా. మళ్ల రాసుడెందుకు?" అంది జ్యోత్స్న.

ముత్తక్క ఫోటోలో పాప తల ఉన్నచోట వేలితో నిమిరింది. ఎవరో ఊహించి రాసిన మాట మీద ఈమెకింత పట్టుదలేందో జ్యోత్స్నకు అంతుపట్టలేదు. మాట మళ్లిద్దామని, పాప ఇప్పుడు బడికి పోతుందా అని అడిగింది.

"అది ఆ సారు అల్లిన మాట గాదు. నేను చెప్పిందే," అంది ముత్తక్క మెల్లగా. "దవాఖానా నుంచి ఇంటికి తీస్కపోతున్న. పాప కదుల్తలేదేందని కండక్టర్ అడిగిండు. ఫోటో సారు గూడ అడిగిండు. ఇద్దరికీ నిద్రపోతుందనే చెప్పిన."

జ్యోత్స్న చెయ్యి అట్ట మీదే ఆగిపోయింది.

"పానం పోయిందంటే బస్సు దింపేస్తరు గద, బిడ్డా."