అతుకుల్లేని కారు

"హార్డెనర్ కలపడం మానెయ్ అక్కా. రెజిన్ జన్మలో గట్టిపడదు. షికారుకెళ్తే కొత్త జంట బండికి అతుక్కుపోతారు" అన్నాడు తమ్ముడు.

ఆమె హార్డెనర్ చుక్కలు లెక్కపెట్టి మరీ రెజిన్‌లో కలిపింది. కారు చక్రం పైన, బాడీ మీద ఫైబర్ మ్యాట్ పరిచి, బ్రష్‌తో తడిపి, లోపలి గాలిబుడగల్ని రోలర్‌తో పళ్ళు బిగబట్టి నొక్కింది. ఎవరి పీకో నొక్కినట్టు.

మొగుడూ పెళ్ళాలుగా నాలుగేళ్ళు కట్టిన కారు అది. ఇంజను పని అతనిది, బాడీ పని ఆమెది. ఫైబర్ పొడి మోచేతుల దాకా గుచ్చుకుంటే, గోక్కుంటూనే వంట చేసేది. అతనేమో స్పేర్ పార్టుల కొట్టావిడ దగ్గరికి బోల్టుల కోసం వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు.

విడాకుల ఒప్పందంలో ఇల్లు, షెడ్డు ఆమెకి. కారు అతనికి. అదీ పూర్తిచేసి అప్పగించాలట. తన చేత్తో నునుపు చేసిన ఆ బండిలో ఇక ఊరేగేది ఆవిడ.

"వెడల్పు టైర్లు వేస్తున్నా. బాడీ కూడా పక్కలకి పొంగాలి. ఇవిగో కొలతలు" అన్నాడతను పోయిన నెల వచ్చి. "బోల్టులూ అతుకులూ కనపడకూడదు. నీ తెలివితేటలు వాడకు. చెప్పింది చెయ్యి చాలు."

"అలాగేనండీ" అంది.

"పోనీ పలచగా వెయ్యక్కా. ఏడాదికే పగుళ్ళిస్తుంది" అన్నాడు తమ్ముడు మళ్ళీ.

"నాలుగు పొరలు వేస్తాను. చట్రంతో సహా మొత్తం ఒకే ముక్క అయిపోవాలి."

"ఇంకా బావంటే అంత మోజేంటే నీకు?"

ఆమె ఇంకో మ్యాట్ కత్తిరించింది.

ఆదివారం అతను ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఇంటి వైపున్న చిన్న తలుపు గుండా షెడ్డులోకి వచ్చాడు. ఎర్రగా మెరుస్తున్న కారు చుట్టూ అరచెయ్యి రాస్తూ తిరిగాడు. ఎక్కడా వేలికి అంచు తగల్లేదు.

"చూశావా? నెత్తి మీద ఒకడుండి చెబితే నీకూ పనొస్తుంది."

ఆవిడ పక్క సీట్లో కూర్చుని అద్దంలో జుట్టు సవరించుకుంది.

"కొలుచుకోండి. తర్వాత మాట రాకూడదు" అందామె టేపు అందిస్తూ.

కొలిచాడు. ఈ పక్క నుంచి ఆ పక్కకి ఆరడుగుల నాలుగంగుళాలు. నూలు తేడా లేదు. 'చెప్పినట్టే చేసింది, ఇక ఈ కారుతో ఆమెకి సంబంధం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. తమ్ముడు సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు.

ఆమె కాగితం మడిచి, తాళాలు అతని చేతిలో పెట్టింది. వెళ్ళి వీధి వైపు షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచింది.

"తీసుకెళ్ళండి."

ఆ గుమ్మం వెడల్పు ఆరడుగులే.