వెనకగది వాసన

కంచం ముందు కూచున్న మీనాక్షమ్మ చెంచా కింద పెట్టేసింది.

"వస్తాండాది చూడు," అంది కూతురు అక్షతతో. "పొద్దున్నే ఫినాయిలు పోసి కడిగితి. మళ్ళా వస్తాండాది."

అక్షత వెనకగది వైపు చూసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది.

"నాకేం రాలేదమ్మా. చెయ్యి కడుక్కోనొచ్చి రెండు ముద్దలన్నా తిను."

"ముద్దలా? ఈ చేత్తోనా?"

మీనాక్షమ్మ కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేసింది. ఉచ్చ గుడ్డలు, వీపు మీది పుండ్ల చీము, పక్క కింద పరిచే ప్లాస్టిక్ కాగితం, అన్నీ ఆ వేళ్ళలోనే దాక్కున్నట్టు అసహ్యం. ఎంత సబ్బు రుద్దినా, చర్మం తెల్లగా పాలిపోయి పగిలినా వాసన మాత్రం వదల్లేదు. అందుకే చెంచాతో తింటోంది. ఇప్పుడు అన్నం కూడా అదే కంపు కొట్టేసరికి కంచం తోసేసింది.

మామ వెంకటరామప్పకు పక్షవాతం వచ్చిన నాటినుంచి ఎత్తిపోసిందీ తుడిచిందీ ఆమె ఒక్కతే. భర్త పద్మనాభది చింతామణి బజారులో కిరాణా అంగడి. పొద్దున పోతే రాత్రికే రావడం. తండ్రి గది గడప అవతల నిలబడి "నాయనా, బాగుండావా?" అని అడగడమే ఆయన చేసిన సేవ. ఎండుమిరపకాయల ఘాటులో, ఇంగువలో బతికే ఆ ముక్కుకు ఇంక ఏం తెలుస్తుందని మీనాక్షమ్మకు ఒళ్ళు మండుతుంది.

"అమ్మా, చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరమ్మ ఉండారు," అంది అక్షత మెల్లగా. "మా కాలేజీ మేడమ్ చెప్పినారు. ఒకసారి పోయొద్దాం."

"డాక్టర్లను చూసి చూసి విసుగొచ్చింది. ఇంక మందులతో అయ్యేదేముండాది?"

"నీకోసరమే అమ్మా."

"నాకేం రోగం? నా ముక్కు బాగా పనిచేస్తాండాది. పనిచేయంది మీ ముక్కులే. ఆదివారం ఇంటి నిండా చుట్టాలొస్తాండారు. వడలు, ఓళిగలు, పాయసం, మీ తాతకు ఇష్టమైనవన్నీ చేయాలంట. ఈ కంపులో ఎవరు తింటారు? ముక్కు మూసుకోని లేచిపోతే నా మొగం యాడ పెట్టుకునేది?"

అక్షత కంచం తీసుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి బాగేపల్లి నుంచి ఆడబిడ్డ ప్రమోద దిగింది. ఆదివారానికి రెండు రోజుల ముందే వచ్చిందంటే ఎంత ప్రేమో అనుకోవాలి. తండ్రి మంచాన పడిన రెండేళ్ళలో నాలుగుసార్లు వచ్చిందేమో. వచ్చిన ప్రతిసారీ యాపిల్ పండ్ల కవరు మంచం పక్కన పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బస్సుకు టైమైందని లేచేది. మిగతా ప్రేమంతా ఫోన్లోనే.

"నాయన గదిలోనే కొంచేపు నడుము వాలుస్తా వదినా," అంది ప్రమోద.

"పో తల్లీ, పో. నేను పడినది నీకూ తెలుస్తాది."

ఐదు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వస్తుందని మీనాక్షమ్మ నడవలోనే కాచుకుని కూచుంది. ప్రమోద అరగంట తర్వాత వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కొంగు మాత్రం భుజం మీదే ఉంది.

"నిద్ర పట్టేసింది వదినా. చల్లగా ఉండాది."

"వాసన?"

"ఫినాయిలు వాసన. అంతే."

ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని అబద్ధాలాడుతున్నారు. మీనాక్షమ్మ విసురుగా గదిలోకి పోయి నిన్న ఉతికి పరిచిన దుప్పటిని మళ్ళీ లాగేసింది. పరుపు మార్చి కూడా లాభం లేకపోయింది. దుప్పటిని వెలుతురులో పట్టి మరక కోసం వెతికింది. కనబడలేదు. అయినా ఓకరింపు వచ్చి పెరట్లోకి పరిగెత్తింది. తినని కడుపులోంచి ఏమొస్తుంది, చేదు నీళ్ళు తప్ప.

ఆమె మొహం కడుక్కుంటుండగా పద్మనాభ వచ్చాడు. అక్షత ఫోన్ చేసినట్టుంది. చేతిలో కొత్త ఫినాయిలు సీసా.

"ఇంకా తగ్గలేదా?" అన్నాడు.

ఆ మాటకు ఆమెకు తిక్క రేగింది.

"మీరు ఒక్క దినమన్నా ఆ గదిలో చెయ్యి పెట్టినారా? మీ నాయన్ని ఎత్తేటప్పుడు నా నడుము పట్టేసింది. ఒక్కసారి వచ్చి పట్టుకోండి అంటే అంగట్లో జనముండారంటిరి. కన్నతండ్రిది మీకు అసహ్యం. నాకేమన్నా పన్నీరా? నాకూ అసహ్యమే. అసహ్యపడతానే చేసినా. మీకు వాసన ఎట్ల తెలుస్తాది?"

పద్మనాభ సీసా కింద పెట్టాడు. చెల్లెలు ఉందని కూడా చూడకుండా చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. పంచె ఎగగట్టి, బకెట్టూ చీపురూ తీసుకుని వెనకగదిలోకి పోయాడు.

గచ్చు రుద్దాడు. మంచం కోళ్ళు, కిటికీ చువ్వలు, గోడలు కూడా తుడిచాడు. యాభై దాటినా చీపురు పట్టుకోవడం రాదు, సగం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. ప్రమోద సాయం చేయబోతే వద్దన్నాడు.

"ఇప్పుడు చూడు," అన్నాడు ఆయాసపడుతూ.

మీనాక్షమ్మ గడప దగ్గరికి వచ్చింది. ఈసారి లేదని చెప్పాలని ఆమెకు నిజంగానే ఉంది. కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది.

"వస్తాండాదండీ," అంది. గొంతులో కోపం లేదు. ఏడుపు ఉంది.

"సరే. మళ్ళా కడుగుతా," అని పద్మనాభ బకెట్టు నింపుకోవడానికి లేచాడు.

ఆదివారానికి వెంకటరామప్ప పోయి ఏడాది.