ఒక్క ‘లీ’

“అమ్మా, ఇందులో ఒక మాట తప్పు పడింది.”

కోర్టు అనువాదకురాలు తలెత్తింది. బల్లకు అవతల అరవై దాటిన పెద్దమనిషి. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు.

ఆయన చేతిలో ఉన్నది పోయిన వారం ఆమె ఇంగ్లీషులోకి మార్చిన సాక్షి వాంగ్మూలం. రోడ్డు దాటుతున్న ఒక అమ్మాయి వ్యాను కింద పడి చనిపోయిన కేసు. డ్రైవరు జైల్లో ఉన్నాడు. బెయిలు సంగతి పైకోర్టులో తేలాలి. అక్కడ చదివేది ఇంగ్లీషు ప్రతినే.

“ఏది తప్పు?”

“డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడని సాక్షి చెప్పాడు. మీరు ‘హార్డ్‌లీ’ అని రాశారు.”

ఆమెకు చిర్రెత్తింది. పదకొండేళ్ల సర్వీసులో తనను ఇలా నిలదీసినవాడు లేడు.

“ఎలా వేశాడు? ఆ ప్రశ్నకు జవాబు క్రియావిశేషణం. స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్‌లీ, హార్డ్‌కి హార్డ్‌లీ. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.”

“అందరూ పొరబడేది అక్కడేనమ్మా. ఫాస్ట్‌కి ‘లీ’ పెడతామా? హార్డ్ కూడా అంతే. ‘లీ’ తగిలిస్తే వేరే మాటైపోతుంది. బ్రేకు వేసీ వేయనట్టు వేశాడని అర్థం.”

“మీరు డ్రైవరు బంధువులా?”

“కాదమ్మా.”

“లాయరా?”

“ఇంగ్లీషు మాష్టార్ని. రిటైరయ్యాను.”

“మరి మీకెందుకండీ ఈ గొడవ?”

ఆయన కాగితంలో ఆ మాట కింద వేలు పెట్టి చూపించాడు.

“లాయరుతో అర్జీ పెట్టించండి” అని ఆమె కాగితాన్ని వెనక్కి నెట్టింది.

మర్నాడూ వచ్చాడు. మూడోనాడూ వచ్చాడు.

“మాష్టారూ, పాఠాలు మీ బడిలో చెప్పుకోండి!” అంది, నలుగురూ వినేలా.

పక్క బల్లలవాళ్లు గొల్లుమన్నారు.

ఆయన ఇక రాలేదు.

బెయిలూ రాలేదు. బ్రేకైనా సరిగా వేయలేదని సాక్షే అంటున్నాడని కోర్టు రాసింది.

నెలన్నర తర్వాత విచారణలో ఆ మాట ఎత్తితే సాక్షి కాదన్నాడు. “గట్టిగా వేశాడనే కదయ్యా నేను చెప్పింది!”

పైఅధికారి కబురు పెట్టాడు. ఆమె నిఘంటువు తెరిచింది. మాష్టారు చెప్పిందే అందులో ఉంది.

ఆ పూటే తన తప్పు ఒప్పుకుంటూ సవరణ రాసిచ్చింది. వారం తిరగకుండా డ్రైవరు బయటికొచ్చాడు.

కోర్టు వరండాలో అతని భార్య కనిపిస్తే ఆమె గబగబా దగ్గరికెళ్లింది.

“మీ ఆయన కేసు కోసం నా దగ్గరికి తిరిగిన ఇంగ్లీషు మాష్టారు ఎక్కడున్నారమ్మా? అప్పుడే ఆయన మాట వినుంటే మీకీ నెలన్నర జైలు తిప్పలు ఉండేవి కావు. క్షమాపణ అడగాలి.”

“మొన్ననే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారండి. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“మీకు ఏమవుతారు?”

ఆ ఇల్లాలు కొంగుతో కళ్లొత్తుకుంది.

“మాకేమీ కారండీ. మా ఆయన బండి కింద పడి పోయింది ఆయన కూతురే.”