నొప్పి గాజు

ఇప్పుడు అందరి చేతికీ ఒంట్లో నొప్పిని కొలిచి అంకె చూపించే నొప్పి గాజులే. అంకె ఐదు దాటితేనే ఆసుపత్రివాళ్లు మందిస్తారు. ఎముకల క్యాన్సరున్న మా అత్త సూరమ్మ గాజు రెండు దాటేది కాదు.

గాజులు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించడానికి హిమజ అనే అమ్మాయి వచ్చింది.

"నొప్పి ఎంతుంది మామ్మగారూ?"

"నాకేం తల్లీ, బాగానే ఉన్నా. ముందు మజ్జిగ తాగు."

గాజు సరిగ్గానే ఉందని హిమజ రాసుకోబోయింది.

"ఇంటికొచ్చినవాళ్లకి ఆవిడ బాధ చెప్పదమ్మా. కాసేపు మాతోపాటు చిక్కుడుకాయలు ఒలువు," అన్నాను.

హిమజ చాట దగ్గర కూర్చుంది. సగం కాయలయ్యాక అత్త, "నడుం నరికేస్తున్నట్టుందే పిల్లా," అంది మెల్లగా.

గాజు అప్పుడూ రెండే చూపించింది.

హిమజ దాన్ని తీసేసి, మందు పంపమని ఆసుపత్రికి చెప్పింది. బోసిచేత్తో నా చెయ్యి పట్టుకుని, అత్త మొదటిసారి పైకి మూలిగింది.