కింది గది పంపు

ఆ రోజు సత్యప్రసాద్ పైడిబాబుని గేటు దగ్గరే ఆపేశాడు.

"ఆ సంచీలో ఏముంది?"

నల్ల సంచీ. మూతి బిగించి కట్టి ఉంది.

"ఏటీ నేదు బాబూ. సెత్త, కచరా."

"కచరా ఐతే విప్పి చూపించు."

పైడిబాబు సంచీని వెనక్కి పెట్టుకున్నాడు. విప్పలేదు.

టాటానగర్ దగ్గరి మాంగో పేటలో వాళ్ళ ఇల్లు పల్లపు నేల మీద ఉంది. రోడ్డు మీంచి చూస్తే కింది గది భూమిలోకి దిగిపోయినట్టుంటుంది. వెనక సందులోకి మాత్రం దానికి సమంగా ఒక తలుపుంది. సత్యప్రసాద్ తండ్రి సన్యాసిరావు టాటానగర్‌లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వకపోయేసరికి ఆ గదిలోకి మారాడు.

అక్కడి బాత్రూం రోడ్డు డ్రైనేజీ కన్నా లోతు. అందుకని పక్కనే ఒక గుంట కట్టించి, మురుగుని పైకి తోడే పంపు పెట్టించారు. పంపు ఆగిందంటే మురుగంతా వెనక్కి తన్ని బాత్రూంలోకి వచ్చేస్తుంది.

ఆ పంపు బిగించింది జుగ్సలాయిలో ఉండే పైడిబాబే. మొదట్లో చెడిందని కబురు పెడితే వచ్చేవాడు. తర్వాత్తర్వాత పిలవకుండానే రావడం మొదలెట్టాడు. పంపు ఓసారి చూసి పోతానని కిందికి వెళ్ళేవాడు. తలుపు వేసుకుని చాలాసేపు ఉండేవాడు. ఏమైనా ఇవ్వబోతే, చూడ్డానికేముందని వద్దనేవాడు.

సత్యప్రసాద్ భార్య ఉజ్వలకి అదే నచ్చలేదు. ఊరికే ఎవరు వస్తారు? అత్తగారి నాటి ఇత్తడి సామానంతా కింది గది అటక మీదే ఉంది. వెళ్ళేటప్పుడు ఆ మనిషి చేతిలో ఎప్పుడూ ఒక సంచీ ఉంటోంది. ఆ మాటే మొగుడి చెవిన వేసింది.

సత్యప్రసాద్ సంచీ లాక్కోబోయాడు. పైడిబాబు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"విప్పకపోతే దొంగవనే అనుకోవాలి," అన్నాడు సత్యప్రసాద్.

పైడిబాబు తలెత్తి అతని మొహంలోకి చూశాడు. 

"అలాగే అనుకోండి బాబూ," అన్నాడు.

ఇంకెప్పుడూ ఈ ఇంటి వైపు రావద్దని సత్యప్రసాద్ వెనకనుంచి చెప్పాడు. పైడిబాబు మళ్ళీ రాలేదు.

తర్వాత అటక మీద చూస్తే సామాను ఎక్కడిదక్కడే ఉంది. మరి సంచీ ఎందుకు విప్పలేదని ఉజ్వల అడిగింది. 

కింది గదిలో సన్యాసిరావు ఆ పూట అన్నం ముట్టలేదు.

వానలు పట్టాక పంపు ఆగిపోయింది. మురుగు బాత్రూం దాటి మంచం కిందికి వచ్చింది.

గోవింద్‌పూర్ నుంచి కొత్త మెకానిక్ వచ్చాడు. గుంట మూత తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, పంపుని గొలుసుతో పైకి లాగాడు. రెక్కకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాయి. చాకుతో కోసి ఒక్కొక్కటే సందులో పడేశాడు. అన్నీ చింపిన పంచె ముక్కలే.

పంపుకేమీ కాలేదని, ఎవరో కమోడ్‌లో గుడ్డలు వేస్తున్నారని హిందీలో చెప్పాడు.

ఉజ్వల ఆ పంచె అంచు గుర్తుపట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సత్యప్రసాద్ గదిలోకి వెళ్ళేసరికి తండ్రి గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.  అడక్కముందే ఆయనే చెప్పాడు.

రెండేళ్ళుగా ఆయనకి ఒంటి మీద అదుపు తప్పింది. పాడైన గుడ్డలు కోడలి చేత ఉతికించుకోలేక కమోడ్‌లో వేసి నీళ్ళు కొట్టేవాడు. పంపు ఆగినప్పుడు వాటిని బయటికి తీసింది పైడిబాబు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇకనుంచి వీటిని ఓ పక్కన దాచండి, నేనొచ్చి పట్టుకుపోతాను అన్నాడు. వచ్చినప్పుడల్లా వేడినీళ్ళతో ఆయన ఒళ్ళు తుడిచేవాడు. గది కడిగేవాడు. మెత్తటి పాత గుడ్డలు తెచ్చిచ్చేవాడు.

"మరి ఆ రోజు నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా."

"కిటికీ కాడే ఉన్నాను. నువ్వు దొంగన్నది ఇన్నాను. నోరు పెగల్లేదురా."

 సత్యప్రసాద్ చీపురు తెచ్చి గదిలో మురుగంతా ఊడ్చేసి, తండ్రికి తనే స్నానం చేయించాడు. అలా చెయ్యడం అతనికి అదే మొదలు.

మర్నాడు జుగ్సలాయి వెళ్ళాడు. గోడౌన్ల వెనక ఇరుకు సందులో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. పైడిబాబు భార్య అసిరమ్మ తలుపు తీసింది. ఆమె వెనక గోడ మీద పైడిబాబు ఫోటోకి దండ వేలాడుతోంది.

ఆయన పోయి నెల దాటిందని చెప్పింది. లోపలికొచ్చి కూర్చోమంది.

క్షమించమని అడగడానికి బయల్దేరినవాడు, ఎవర్ని అడగాలో తెలీక నిలబడిపోయాడు. చివరికి, మాంగోలో మా ఇంటి పంపు పని ఆయనే చూసేవారని మాత్రం అనగలిగాడు.

అసిరమ్మ అర్థం కానట్టు చూసింది.

"పంపు పనేటి బాబూ? గుంటల గాలికి ఊపిరితిత్తులు పాడైపోనాయని డాక్టరు సెప్తే, ఆ పని మానీసి ఏడాది దాటిపోనాది. మాంగోలో ఒక పెద్దాయన ఉన్నారు, సూసి వత్తాను, ఉత్తి సేతుల్తో ఎల్తే ఇంట్లోవోల కాడ ఆయనకి సిన్నతనంగా ఉంటాదని, పంపు పనికే ఎల్తున్నట్టు పానాలు, రెంచీలు పట్టుకుని ఎల్లీవోరు."