మొద్దు టీవీ

"మొద్దు టీవీ కావాలప్పా" అన్నాడు రామాంజినప్ప.

అంగట్లో అమ్మకాలు చూసే కన్నడ కుర్రాడు అభిషేక్ చెవికి అది 'ముద్దు టీవీ' అని చేరింది. కన్నడంలోనూ ముద్దు ముద్దే గదా! మురిసిపోయి, ఆ పెద్దమనిషిని తీసుకుపోయి గులాబీరంగు అంచూ, మూలన కుందేలు బొమ్మా ఉన్న పిల్లల టీవీ ముందు నిలబెట్టాడు.

"మనవరాలికా సార్?"

"నాకే."

"మీకా!"

"ముద్దు కాదప్పా, మొద్దు! ఈ కాలం టీవీలకి తెలివి ఎక్కువైపోయినాది. అది లేనిది చూపించు."

వెనక నిలబడ్డ కోడలు భవ్య తల దించుకుంది. కాటన్‌పేటలో ఇల్లు కదిలినప్పటి నుంచీ ఇది నాలుగో అంగడి. మూడు వారాల కిందట ఆమె మొగుడు దీపక్ పాత టీవీని ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి, గోడంత స్మార్ట్ టీవీ తెచ్చి బిగించాడు. ఆ రోజు నుంచీ మామకి అన్నం సయించడం లేదు.

"ఇంట్లో అంత మంచి టీవీ ఉండాది కదా మామా!"

"ఉండాది. చూపులకి పలక. పిలిస్తే మాత్రం పలకదు."

"ఎందుకు పలకదు? మైకు బటన్ నొక్కి మాట్లాడితే చాలు."

"నేను పిలిస్తే కాదమ్మా..." అని ఆయన టీవీల వైపు తిరిగాడు.

గోడ నిండా టీవీలు ఠీవిగా వెలుగుతున్నాయి. ఆ ఠీవి ఏదీ లేని బక్క టీవీలు నాలుగు మూల నుంచి బయటికొచ్చాయి. "హోటల్ గదులకి తీసుకుపోతారు సార్. ఇళ్ళకి ఎవురూ అడగరు" అన్నాడు అభిషేక్, దుమ్ము తుడుస్తూ.

రామాంజినప్ప సంచిలోంచి పాత టీవీ రిమోటు తీశాడు. ప్లాస్టిక్ కవరు, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు. టీవీల వైపు వీపు పెట్టి, అడుగులో అడుగు వేసి లెక్కపెట్టుకుంటూ అంగడి దాటి పోయాడు. పన్నెండో అడుగు ఫుట్‌పాత్ మీద, మల్లెపూల బుట్ట పక్కన పడింది. అక్కడినుంచి తిరిగి నిలబడ్డాడు.

"తలుపు బార్లా తియ్యప్పా!" అని అరిచి రిమోటు నొక్కాడు.

మొదటి టీవీ ఉలకలేదు. రెండోది పలకలేదు. మూడోది అలిగినట్టుంది.

"ఆ రిమోటు మోటుది సార్! టీవీతో కొత్తది ఇస్తాం" అన్నాడు అభిషేక్.

"కొత్తది నాకెందుకు? ఈ మోటుదాని మాట వినే టీవీనే నాకు కావాల!"

పూలమ్మి నవ్వింది. నాలుగోదాని మీదికి నొక్కాడు. కార్టూన్ పోయి వార్తలొచ్చాయి. మళ్ళీ నొక్కాడు. వార్తలు పోయి క్రికెట్ వచ్చింది. ఫుట్‌పాత్ మీద రామాంజినప్ప మొహం పండగ చేసుకుంది.

"ఇదే! ఇది కట్టప్పా!"

అభిషేక్ డబ్బా తెచ్చి తాడు కడుతుంటే భవ్య ఇక ఉండబట్టలేకపోయింది. "రోజూ వీధిలో నిలబడి చూస్తారా మామా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నొక్కేది నేను కాదమ్మా. మీ పెద్దమామ."

"ఎదురింటి పెద్దమామా? మీ ఇద్దరికీ ఏడేండ్లుగా మాటల్లేవు గదా!"

"మాటల్లేవు. టీవీ ఉండె. మా నాయన ఇద్దరికీ ఒకే దినం, ఒకే రకం కొనిచ్చినాడు. ఒకదాని రిమోటు ఇంకోదానికి పన్జేస్తాది. సాయంత్రం ఏడుకి నేను క్రికెట్ పెడితే, ఆయన పన్నెండడుగుల అవతల వాళ్ళ కిటికీలోంచి నొక్కి వార్తలు పెడతాడు. నేను తిట్టుకోని తిప్పతా. ఆయన మళ్ళా నొక్కతాడు. నాలుగు తూర్లు అయినాక ఇద్దరం అన్నాలకి లేస్తాము. పోయిన ఆషాఢంలో రెండు దినాలు నొక్కలేదు. నీ చేత మిరియాల చారు పంపిస్తి, గ్యాపకం ఉండాదా?"

"జ్వరమని మీకెట్ల తెలిసిందా అనుకున్నా!"

"అట్లే తెలిసింది. ఇప్పుడీ స్మార్టుది వచ్చినాది. పాపం, ఆయన రిమోటుకి సెల్లులు మార్చి, దాన్ని తొడ మీద కొట్టి నొక్కతానే ఉంటాడు. నేను చూడనట్ల ఉంటా. ఛానెలు మారి చాన్నాళ్ళయిపోయిందమ్మా..."

అభిషేక్ చేతిలోంచి తాడు జారింది.

"ఆయప్పకి తెల్ల మీసం, ఎడమచేతికి రాగి కడియమా సార్?"

"మా అన్న నంజుండప్పే! నీకెట్ల తెలుసు?"

"హరిణీ! ఇట్ల రా! అందరూ రండి!" అని అభిషేక్ క్యాషు కౌంటర్లో కూర్చున్న పిల్లకి వినబడేలా కేకేశాడు. "గురువారం వచ్చిన రిమోటు తాత పిచ్చోడు కాదంట! ఈ సార్‌కి అన్నంట!" ఆయాసం తీర్చుకుని రామాంజినప్ప వైపు తిరిగాడు. "మీరు బయట పారేసిన టీవీ డబ్బా మీది పేరు ముక్క చించుకోని తెచ్చినాడు సార్. 'ఎదురింట్లో ఈ టీవీ ఉండాది, దాన్ని తిప్పే రిమోటు ఇయ్యి' అన్నాడు. పక్కోళ్ళని ఏడిపించే ముసలాయన అనుకోని మేమంతా నవ్వినాం. రిమోటు ఇచ్చి, 'కిటికీలోంచి పన్జెయ్యదు తాతా, ముందు ఆ ఇంట్లోకి పోయి, టీవీ ముందర కూచోని, రెండింటినీ ఒక తూరి జత కలపాల' అన్నాం. రిమోటు జేబులో పెట్టుకున్నాడు. 'సరే, ఆదివారం సాయంత్రం పోతా' అన్నాడు."

రామాంజినప్ప ఎగిరి లేచాడు.

"మొద్దు టీవీ వద్దప్పా, మొద్దులం మేమిద్దరం ఉండాం, చాలు! ఆటో పిలువమ్మా భవ్యా! ఆదివారం ఈపొద్దే! సాయంత్రం అయిపోయినాది! ఆయన వచ్చి తలుపు తడతా ఉంటాడు, మనం బీగం ఏసుకోని వచ్చినాం!"